అక్కకు తెలిసిన నాలుగు నెలలు

మా అక్క ఫొటో అచ్చువేసిన, కంప్యూటర్లకు కాపలా అమ్మే కంపెనీ వాళ్ల నున్నటి ప్రచార కాగితాన్ని చించి ముక్కలు చేశాను. ఆ ముక్కల్ని మళ్లీ చించాను. అప్పటికీ ఒళ్లు మంట చల్లారలేదు. ఫొటోలో అక్క జన్మలో ఎప్పుడూ వేసుకోని నల్లకోటు వేసుకుని, చేతులు కట్టుకుని, ఎవరో నవ్వమంటే నవ్వినట్టు నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాల్లో ‘మా వ్యూహాత్మక సలహాదారు’ అని ఉంది. ఆవిడ ముప్పై ఏళ్లుగా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ భద్రత బోధిస్తున్న ప్రొఫెసరనీ, ఆవిడ కన్నుగప్పి చీమ కూడా లోపలికి దూరలేదనీ రాశారు. చీమ సంగతి నాకు తెలియదు. దొంగలు మాత్రం దూరారు. ఆ కాగితం చూపించి మా ఆసుపత్రి చేత ఆ కంపెనీ సరుకు కొనిపించిన మనిషి ఎవరో కాదు, నేనే. కాబట్టి ఇందులో తిట్లు తినేవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

మాది మనసు బాగాలేనివాళ్లు వచ్చే ఆసుపత్రి. ఇరవై రెండేళ్లుగా అక్కడ రికార్డుల గది నాది. పెద్ద డాక్టరైనా సరే, చీటీ మీద సంతకం పెట్టకుండా నా గదిలోంచి ఒక్క ఫైలు తీసుకుపోలేడు. ఒకసారి ఆయన తొందరలో తీసుకుపోబోతే తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. నాకు ముక్కు మీద కోపమని ఆసుపత్రి అంతా అంటారు, అననీ. ఆ ఫైళ్లలో ఏముంటుందో నాకు తెలుసు. కట్టుకున్నవాళ్లకు చెప్పుకోలేనివి, కన్నవాళ్లకు చెప్పుకోలేనివి, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తలచుకోవడానికి భయపడేవి. డాక్టరును నమ్మి చెబుతారు. డాక్టరు రాస్తాడు. రాసినదాన్ని నేను దాస్తాను. నా ఉద్యోగమంతా అంతే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. వైద్యానికి వచ్చినవాళ్లు బయట ఎక్కడైనా కనిపిస్తే మేం ముందుగా పలకరించం. వాళ్లు పలకరిస్తే పలుకుతాం, లేకపోతే ముక్కూమొహం తెలియనట్టు వెళ్లిపోతాం. నేను రోజూ ఎక్కే బస్సు డ్రైవరు తొమ్మిదేళ్ల కిందట మా ఆసుపత్రిలో రెండు నెలలు ఉన్నాడు. నయమై వెళ్లాడు. ఏడాదికోసారి వచ్చి చూపించుకుంటాడు. బస్సు నిక్షేపంగా నడపొచ్చని మా డాక్టరే కాగితం రాసిచ్చాడు. కానీ ఆ కాగితం డిపోలో చూపిస్తే అది ఎందుకు రాయాల్సి వచ్చిందని అడుగుతారు కాబట్టి, అది కూడా నా గదిలోనే, ఆయన ఫైల్లోనే ఉండిపోయింది. బస్సు ఎక్కే ప్రతి మనిషికీ ఆయన తల ఊపుతాడు, నాకు తప్ప. నేను కూడా అటు చూడకుండా లోపలికి వెళ్లి కూర్చుంటాను. తొమ్మిదేళ్లుగా మేం ఒకరికొకరం ఇచ్చుకున్న మర్యాద అది.

ఇక మా అక్క సంగతి. మా నాన్న తాళాలు బాగుచేసేవాడు. మార్కెట్ వెనక సందులో, ఇద్దరు లోపలికి వస్తే మూడోవాడు బయట నిలబడాల్సినంత కొట్టు. తాళంచెవి పోగొట్టుకుని ఎవరైనా వస్తే నాన్న ముందు ఒక రేకుముక్క అరగదీసి, తాళంలో పెట్టి తిప్పి చూసి, ఆ కొలతతో అసలుది తయారుచేసేవాడు. అది ఇచ్చేశాక, కొలత చూసుకున్న రేకుముక్కను వాళ్ల కళ్లెదుటే ఇనప దవడల వైసులో బిగించి, సుత్తితో రెండు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని కూడా వాళ్ల చేతుల్లోనే పెట్టేవాడు.

“ఇవి మాకెందుకండీ?” అని నవ్వేవాళ్లు.

“నా దగ్గర మాత్రం ఎందుకండీ?” అనేవాడు నాన్న.

అంతకు మించి మాట్లాడడం ఆయనకు రాదు. ముప్పై అయిదేళ్లు కొట్టు నడిపాడు. పోయిన తర్వాత మేం సర్దితే గూళ్లల్లో స్క్రూలు, నూనె డబ్బాలు, తుప్పు పట్టిన ఆకురాళ్లు దొరికాయి. ఇంకొకరి ఇంటి తాళంచెవి ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

అక్క పదేళ్ల వయసులోనే ఆ వైసు బిగించేది. తర్వాత చదువులో పడింది. పెళ్లి మాట ఎత్తితే ‘వచ్చే సెలవుల్లో చూద్దాం’ అంటూ ముప్పై సెలవులు దాటించింది. మా వీధికి రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. వచ్చినప్పుడల్లా మా ఇంటి ఇంటర్నెట్ పాస్‌వర్డు మార్చేసి పోతుంది. సోమవారం పొద్దున్న మా ఆయన ఫోను పట్టుకుని, “మీ అక్క మళ్లీ నన్ను ఇంట్లోంచి గెంటేసింది,” అని గొణుక్కుంటూ తిరుగుతాడు.

ఏటా మొదటి క్లాసులో అక్క రెండు పనులు చేస్తుంది. తాళం వేసిన ఇనప్పెట్టె బల్ల మీద పెట్టి, “తెరవండి,” అంటుంది. అది అయ్యాక ఒక పాత నోటుబుక్కు తీసి, ఆ ఏడాది తను చేసిన పెద్ద తప్పు ఏమిటో చదివి వినిపిస్తుంది. “పిల్లల ముందు పరువు తీసుకోవడం ఎందుకే?” అని నేను అడిగితే, “నా తప్పులు వాళ్లకి తెలిస్తే వాళ్లవి నా దగ్గర దాచరు,” అంది.

పన్నెండేళ్ల కిందట ఒక క్లాసులో అందరూ పిన్నీసులూ తీగలూ పట్టుకుని ఆ పెట్టెతో కుస్తీ పడుతుంటే, వెనక బెంచీ కుర్రవాడొకడు మెల్లగా లేచి ఆఫీసు గదికి పోయాడట. అక్కడి ఉద్యోగితో, “మేడమ్ డూప్లికేటు తాళంచెవి తెమ్మన్నారు,” అన్నాడట. అతను ఇచ్చేశాడు. అయిదు నిమిషాల్లో పెట్టె తెరుచుకుంది. అక్క వాడికి నూటికి నూరు మార్కులు వేసి, ఆ ఆదివారం మా ఇంట్లో కడుపుబ్బ నవ్వింది. “ముప్పై మంది తాళంకేసి చూస్తుంటే వీడొక్కడే మనుషులకేసి చూశాడే,” అంది. అప్పటినుంచీ మా ఇంట్లో వాడి పేరు డూప్లికేటు. వాడి అసలు పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. తిప్పాలని కూడా లేదు.

ఆ డూప్లికేటు పెద్దవాడై, ఆసుపత్రులకూ ఆఫీసులకూ కంప్యూటర్ కాపలా అమ్మే కంపెనీ పెట్టాడు. కిందటేడు అక్క ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. వంగి అక్క కాళ్లకు దండం పెట్టాడు. చూసి నేను కూడా మురిసిపోయాను, ఆ సంగతి దాచను.

“ఏడాదికి నాలుగు మీటింగులు మేడమ్. మీరొచ్చి మేం ఎటు వెళ్లాలో చెబితే చాలు.”

“చెబితే వింటావా?” అంది అక్క.

“భలేవారే మేడమ్. వినకపోతే ఇంత దూరం ఎందుకొస్తాను?”

అక్క కరిగిపోయింది. ఎందుకు కరగదు? ముప్పై ఏళ్లుగా పరిశోధనలు రాస్తోంది. ఒక్కోదాన్నీ పదిమంది చదివితే అందులో నలుగురు పోట్లాటకు వచ్చేవాళ్లే. “నేను రాసింది చదివి ఎక్కడైనా ఒక్క తాళం మారిందా చిన్నదానా?” అని నా దగ్గర ఎన్నిసార్లు వాపోయిందో. ఇప్పుడు మార్చేవాడే ఇంటికి వచ్చాడు. వాడు తెచ్చిన ఒప్పందాన్ని అక్క రెండుసార్లు చదివింది. లోపల తెలిసిన విషయం బయట ఎవరికీ చెప్పకూడదన్న వాక్యాన్ని కూడా చదివింది. చదివే సంతకం పెట్టింది.

కొన్నాళ్లకు మా ఆసుపత్రిలో రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. వాటికి కాపలా కావాలని మూడు కంపెనీల కాగితాలు తెప్పించారు. పెద్ద డాక్టరు వాటిని అటూ ఇటూ తిరగేసి, “నాకివి ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఎవర్ని నమ్మాలమ్మా?” అని నన్నడిగాడు. ఫొటో మీద వేలు పెట్టాను. “ఈవిడ మా అక్కండీ. ఈవిడ ఉందంటే ఇంక చూసుకోనక్కర్లేదు,” అన్నాను. అక్కను ఒక్క మాట అడిగానా? లేదు. పని అయ్యాక చెప్పి దాన్ని ఆశ్చర్యపరచాలనుకున్నాను. చీటీ లేకుండా ఫైలు ఇవ్వని మనిషిని, ఒక ఫొటో చూసి గదంతా అప్పగించాను. నా మీద నాకున్న కోపం అది.

ఆదివారం భోజనాల దగ్గర ఆ కబురు చెప్పాను.

“అక్కా, మీ డూప్లికేటు సరుకే పెట్టించాం మా ఆసుపత్రిలో. నీ ఫొటో చూపించి నేనే ఒప్పించాను!”

అక్క చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“ఎప్పుడు?”

“మొన్న సోమవారం నుంచి నడుస్తోంది.”

“ఏదైనా ఇబ్బంది వస్తే వాళ్ల మనుషులు వస్తారా? వాళ్ల ఆఫీసులో కూర్చునే మీ కంప్యూటర్లలోకొచ్చి బాగుచేస్తారా?”

“అక్కడ కూర్చునే చేసేస్తారు. ఎంత హాయో!”

అక్క ముద్ద కలిపి మళ్లీ వదిలేసింది. కడుపులో బాగాలేదని చెప్పి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. ఆ పూట పాస్‌వర్డు కూడా మార్చలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని నేను సాయంత్రం దాకా బాధపడ్డాను. ఉప్పు! ఇప్పుడు తలచుకుంటే పళ్లు నూరుకోవాలనిపిస్తుంది.

మూడు వారాలు గడిచాక ఒక బుధవారం ఉదయం, అరవై ముగ్గురి ఫైళ్లు ఇంటర్నెట్‌లో కనిపించాయి. ఎవరో దొంగిలించి, ఎవరైనా చదువుకునేలా నడిబజారులో పరిచినట్టు పరిచేశారు. డాక్టర్ల రాత, తేదీలు, మందులు, పేర్లు, చిరునామాలు. నా గదిలో నా కుర్చీలో కూర్చుని, ఇరవై రెండేళ్లు నేను దాచినవాటిని తెర మీద చూశాను. ఎవడి గొంతైనా దొరికితే పట్టుకోవాలనిపించింది. మధ్యాహ్నానికి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఎంతో విచారిస్తున్నారట. ఇది ఎవరూ ముందుగా ఊహించలేని దాడి అట.

ఆ ఉత్తరం పట్టుకుని తిన్నగా విశ్వవిద్యాలయానికి పోయాను. అక్క తన గదిలో జవాబు పత్రాలు దిద్దుతోంది. ఇనప్పెట్టె బీరువా మీద ఉంది.

“ఎవరూ ఊహించలేనిదట. నిజమేనా?”

అక్క నీళ్లు నమల్లేదు. ఆ ఒక్కటీ మెచ్చుకోవాలి. సొరుగు లాగి, మూడు పేజీల కాగితం తీసి నా ముందు పెట్టింది. కంపెనీకి తను రాసి ఇచ్చింది. నాలాంటిదానికి కూడా అర్థమయ్యేలా ఉంది. కంపెనీ మరమ్మతు మనుషులు కొనుక్కున్నవాళ్లందరి కంప్యూటర్లలోకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డుతో వెళుతున్నారు. నూట నలభై చోట్లా అదే. ఉద్యోగం మానేసి పోయినవాళ్లకు కూడా అది తెలుసు. ఇంతవరకూ ఒక్కసారి కూడా మార్చలేదు. దీన్ని వెంటనే తీసేయాలి. అడుగున అక్క సంతకం, తేదీ. వేళ్లు మడిచి లెక్కపెట్టాను.

“నాలుగు నెలలైంది ఇది రాసి.”

“అవును.”

“వాడేమన్నాడు?”

“మీటింగు పుస్తకంలో ‘సలహా స్వీకరించడమైనది’ అని రాసుకున్నారు. వచ్చే వెర్షన్‌లో చూస్తాం మేడమ్ అన్నాడు. ఇప్పుడు అన్నిచోట్లా మారిస్తే ఎందుకు మార్చారని అందరూ అడుగుతారట.”

“అంటే ఆ ఆదివారం నా ఇంట్లో, నా ఎదురుగా కూర్చున్నప్పుడు నీకు తెలుసు.”

“మర్నాడే వాడి దగ్గరికి పోయానే. బతిమాలాను. మీ ఆసుపత్రి వరకైనా తీసెయ్యరా అన్నాను. నెలాఖరుకల్లా చేస్తానన్నాడు.”

“వాణ్ణెందుకు బతిమాలావు? నాకు చెబితే ఆ తీగలన్నీ నేనే పీకి పారేసేదాన్ని కదా!”

“చెప్పకూడదని సంతకం పెట్టాను చిన్నదానా.”

“నాన్న ఏ కాగితం మీద సంతకం పెట్టాడే?” అని అరిచాను.

వరండాలో నడిచేవాళ్లు ఆగారు. ఆగనీ అనుకున్నాను. నోటికి ఎంత మాట వస్తే అంత మాటా అన్నాను. నీ చదువు తగలెయ్యా అన్నాను. వాడు మర్యాదగా దండం పెడితే కళ్లు నెత్తికెక్కాయన్నాను. నల్లకోటు వేసుకుని ఫొటో దిగడానికి పనికొచ్చిన నోరు చెల్లెలికి ఒక్క మాట చెప్పడానికి పనికిరాలేదా అన్నాను. అక్క కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. నాకు జాలి వెయ్యలేదు. అప్పటికి వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క తనంతట తానే మా ఆసుపత్రికి వచ్చి, ఆ మూడు పేజీలూ పెద్ద డాక్టరు చేతికి ఇచ్చింది. దొంగలు ఆ పాస్‌వర్డుతోనే దూరారని తేల్చిన విచారణవాళ్లు అడిగితే వాళ్లకీ ఇచ్చింది. మిగతా నూట నలభై చోట్లవాళ్లూ, పాస్‌వర్డు ఎందుకు మార్చలేదని కంపెనీని అడగడం మొదలుపెట్టారు. ఒప్పందం మీరినందుకు కోర్టుకు లాగుతామని వాళ్ల వకీలు నోటీసు పంపాడు. డూప్లికేటు ఫోను చేశాడు. నా ఎదుటే మాట్లాడింది అక్క.

“ఏంటి మేడమ్ ఇది? మీ శిష్యుణ్ణి కదా, ఇంత పని చేస్తారా?”

“నీకు ఆ రోజు నూరు మార్కులు వేశాను. డూప్లికేటు తాళంచెవి ఎక్కడుంటుందో కనిపెట్టావని వేశాను. దాన్ని ఏం చెయ్యాలో నేర్పకుండానే వేసేశాను,” అంది అక్క. ఫోను పెట్టేసింది.

సాయంత్రానికి కంపెనీ పేజీల్లోంచి అక్క ఫొటో మాయమైంది. ఆ పనికి మాత్రం వచ్చే వెర్షన్ దాకా ఆగలేదు.

అరవై ముగ్గురి ఇళ్లకూ మనిషి వెళ్లి విషయం చెప్పాలని ఆసుపత్రి నిర్ణయించింది. నేను వెళతానన్నాను. జాబితాలో పదకొండో పేరు రెండుసార్లు చదివాను. బస్సు డ్రైవరు. ఆయన ఫైల్లోని ఒక పేజీని ఎవరో పుణ్యాత్ముడు ఫొటో తీసి డిపో వాళ్ల వాట్సాప్ గుంపులో పెట్టాడు. మర్నాడే ఆయన్ని బస్సు దింపి, విడిభాగాల స్టోరులో కూర్చోబెట్టారు. నడపొచ్చని డాక్టరు రాసిన కాగితం పక్క పేజీలోనే ఉంది. అది ఎవరూ చదవలేదు.

“నేనూ వస్తాను,” అంది అక్క.

“నువ్వొచ్చి ఏం చేస్తావు?”

“చెబుతాను.”

వద్దన్నా వచ్చింది. రెండు గదుల ఇల్లు. ఇస్త్రీ చేసిన యూనిఫారం గోడ మీద హ్యాంగరుకు వేలాడుతోంది. ఆయన భార్య కుర్చీలు వేసి గుమ్మం దగ్గర నిలబడింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి నేనే ముందు నమస్కారం పెట్టాను. ఆయన చేతులు జోడించాడు కానీ నా మొహంలోకి చూడలేదు. అలవాటు.

నేను నోరు తెరిచేలోగానే అక్క మాట్లాడింది.

“మీ ఫైలుకి కాపలా పెట్టిన కంపెనీకి నేను సలహాదారుని. లోపం ఉందని నాకు నాలుగు నెలల ముందే తెలుసు. కంపెనీకి చెప్పాను. వాళ్లు వినలేదు. ఈవిడకి గానీ, ఆసుపత్రికి గానీ చెప్పలేదు. చెప్పకూడదని కాగితం రాసిచ్చాను. అందుకని ఊరుకున్నాను.”

తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆయన గొంతు పెంచలేదు.

“పొద్దున బండి తీసేటప్పుడు బ్రేకు కాస్త తేడాగా తగిలిందనుకోండమ్మా, నేను గేటు దాటించను. టైమైపోతోంది తియ్యమంటారు. సాయంత్రం చూద్దాంలే అంటారు. మెమో ఇస్తామంటారు. నేను దిగిపోతాను. పెద్దగా చదువుకోలేదు నేను. వెనకాల యాభై మంది కూర్చుంటారు, అదొక్కటే తెలుసు.” గోడకున్న యూనిఫారంకేసి చూశాడు. “మీరు తెలిసీ నాలుగు నెలలు ఎలా నడిపారమ్మా?”

ఆయన భార్య మంచినీళ్లు తెచ్చింది. ఎవరం తాగలేదు.

కొత్త విద్యా సంవత్సరం మొదటి క్లాసుకు అక్క నన్ను రమ్మంది. మా మధ్య అప్పటికి మాటలు సరిగ్గా లేవు. ఆదివారాలు వస్తోంది, వడ్డిస్తున్నాను, తింటోంది, అంతే. నా కోపం తగ్గలేదు, తగ్గిందని అబద్ధం ఆడను. అయినా పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. అక్క ఈసారి ఇనప్పెట్టె తేలేదు. నోటుబుక్కు తెరిచి చదివింది. కంపెనీలో చేరిన తేదీ, లోపం కనిపెట్టిన తేదీ, చెల్లెలి ఇంట్లో ముద్ద వదిలేసి లేచిపోయిన ఆదివారం, ఫైళ్లు బయటపడిన బుధవారం. చివర డ్రైవరు అన్న మాటలు, పొల్లు పోకుండా.

రెండో వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

“ఆయన ఇప్పుడు బస్సు నడుపుతున్నారా మేడమ్?”

“లేదు,” అంది అక్క.

మర్నాడు పొద్దున్న పనికి పోవడానికి బస్సు ఎక్కాను. స్టీరింగు దగ్గర ఆయన బదులు వచ్చిన కొత్త మనిషే ఉన్నాడు. అందరికీ ఊపినట్టే నాకూ తల ఊపాడు. నేను తిరిగి ఊపలేకపోయాను.